ఓబుళమ్మ అడిగిన బావి

ఒక ఆడమనిషి మాటను నేను మింగేశాను. అది ఇన్నేళ్లూ గొంతులోనే ఉండిపోయింది. ఇప్పుడు మీకే చెబుతున్నాను.

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో, మా కుందుర్పి వైపు వరసగా వానలు ఎగ్గొట్టిన రోజుల్లో, విదేశం నుంచి ఒక దొరసాని వచ్చింది. సమాజశాస్త్రం చదివిన మనిషి. మీ దేశంలో భూదానమని తుపాకీ పేలకుండా విప్లవం జరుగుతోంది, దాన్ని దగ్గరుండి చూడాలి అనేది. ఎంత గొప్ప మనిషి! మండుటెండలో ఊరూరూ నడిచింది. కూలివాళ్ల పక్కన నేలమీద కూర్చుని సంగటి తింది. ప్రశ్న అడిగేముందు ప్రతి ఒక్కరి పేరూ అడిగి, నోరు తిరిగేదాకా పలికేది. జనం ఏం అడిగారో తానే పోయి అధికారులకు చెప్పేది. పక్క ఊరికి బావి అలాగే వచ్చింది. ఇంగ్లీషు చదివినవాణ్ని కాబట్టి ఆమెకు మాటలు అందించే పని నాది. మనిషంటే ఇలా ఉండాలి అనుకుంటూనే ఆమెను మోసం చేశాను.

మా నాయన భూదానంలో రాళ్లమిట్ట ఇచ్చి పూలదండలు వేయించుకున్నాడు. అందులో ఒక ముక్క కూలిమనిషి ఓబుళమ్మకు వచ్చింది. భూమి వచ్చాక నీ బతుకేం మారిందని దొరసాని అడిగింది. నాయన పక్కనే నిలబడి ఉన్నాడు. అయినా ఓబుళమ్మ జంకలేదు.

"భూమి ఇచ్చినారు సామీ, నీళ్లు యాడుండాయి? ఇంగా మీ సేనికే కూలికి పోతాండాం. ఆడ ఒక బాయి తవ్వించమని ఆ యమ్మకు చెప్పు."

ఈమె చాలా సంతోషంగా ఉంది, మా నాయన దేవుడంటోంది అని నేను ఇంగ్లీషులో చెప్పాను.

దొరసాని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓబుళమ్మ చేతులు రెండూ పట్టుకుంది. బావికి ఒప్పుకుందనుకుని, ఓబుళమ్మ మర్నాడే మిట్టమీద చోటు చూసి గుండ్రంగా రాళ్లు పేర్చింది.

నాయనకు ఇంగ్లీషు ముక్క రాదు. నిజం చెప్పినా ఆయనకు తెలిసేది కాదు. మరి నేనెవరికి భయపడ్డాను? మంచి తండ్రికి మంచి కొడుకునని ఆ గొప్ప మనిషి నన్ను మెచ్చుకోవాలని ఆశపడ్డానా? అదే అయివుంటుంది. సిగ్గుగా ఉంది.

"ఏం సామీ, బాయి సంగతి దొరసాని ఏమనింది?" అని, దొరసాని తన దేశం వెళ్లిపోయాక కూడా, ఎండాకాలం వచ్చినప్పుడల్లా ఓబుళమ్మ అడిగేది. చూస్తుందిలే అనేవాణ్ని. నమ్మేది. నమ్ముతూనే చనిపోయింది.

ఆ రాళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి. దొరసాని ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు. క్షమించమని అడగను. ఆ రోజు చెప్పాల్సిన మాట మాత్రం ఇప్పుడు చెప్పేస్తాను.

అమ్మా, ఓబుళమ్మ బావి అడుగుతోంది.