రూతమ్మ మేడమ్ కోసిన వాషర్లు

ఈ ఉదయం మా అపార్టుమెంటు కిటికీలకు రంగులు వేస్తున్నారు. రంగులో కలిపే టర్పెంటైన్ వాసన హాల్లోకి రాగానే లేచి తలుపు వేసేశాను. ఆ వాసనకు రూతమ్మ మేడమ్ గుర్తుకొస్తారు, ఆ వెంటే కృష్ణా నది గుర్తుకొస్తుంది. డెబ్బైల నాటి మాట. విజయవాడలో మా ఆడపిల్లల కాలేజీలో ఆవిడ ఫిజిక్స్ చెప్పేవారు. ఆదివారం చర్చి అయ్యాక మమ్మల్ని బ్యారేజీకి ఎగువనున్న పడవల క్లబ్బుకు తీసుకెళ్ళి తెరచాప పడవ నడపడం నేర్పేవారు. ఆ అనుమతి కోసం క్లబ్బు సెక్రటరీ గారి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగారు. "ఒక్క తేడా వచ్చిందా, ఆడపిల్లల బ్యాచి ఉండదండి. ముందే చెబుతున్నా" అంటూ ఆయన సగం మనసుతో ఒప్పుకున్నారు.

మేడమ్ చీర కుచ్చిళ్ళు నడుముకు దోపి, కాన్వాసు బూట్లు తొడుక్కుని వచ్చేవారు. పడవెక్కగానే చిన్న ప్రార్థన. ఆమెన్ అనే మాట పూర్తి కాకముందే తాడు విప్పేసేవారు, దేవుడికి కూడా ఆలోచించుకునే వ్యవధి ఇవ్వరని మేము నవ్వుకునేవాళ్ళం. మొదటిసారి పడవ ఒరిగినప్పుడు నేను బింకంగా పళ్ళికిలించాను. "భయమేస్తే భయమేస్తోందని చెప్పు సుశీలా. నవ్వావంటే నాకెట్లా తెలుస్తుంది?" అన్నారు. ఇంట్లో ఎవరూ నాతో అలా మాట్లాడి ఎరగరు.

క్లబ్బుకు రెండే పడవలు. ఒక్కోదానికి అడుగున చేపకున్నట్టు ఇనప రెక్క ఉండేది. గాలికి పడవ పక్కకు జారిపోకుండా ఆపేది అదే. దాని పైఅంచు పడవలోకి పొడుచుకొచ్చి ఉండేది. దాన్ని పట్టి ఉంచే స్క్రూలూ లోపలే, వదులవకుండా స్క్రూకో వాషరు. పాతవి అరిగిపోయాయి, కొత్తవి మద్రాసు నుంచి రావాలి. వచ్చే ఏడు చూద్దామన్నారు సెక్రటరీ గారు. మేడమ్ ఊరుకుంటారా! పాత సైకిలు ట్యూబు తెచ్చి, గొట్టం ముక్క అంచుకు పదును పెట్టి, ల్యాబు బల్ల మీద సుత్తితో కొట్టి వాషర్లు కోశారు.

"పడవకి పంక్చరేస్తున్నారా మేడమ్?" అన్నాను.

"నవ్వు, నవ్వు. నిన్నే కూర్చోబెడతా దాంట్లో."

పనిలో పనిగా రెండు రెక్కలకూ రంగు వేసి, అది పూర్తిగా ఆరకముందే వాషర్లు బిగించేశారు. మాకందరికీ వచ్చే ఆదివారం మీదే ధ్యాస.

ఆ ఆదివారం ఆషాఢం గాలి వీస్తోంది. కొత్తనీరు వచ్చి బ్యారేజీకి కొన్ని గేట్లు ఎత్తారు. ఒడ్డు వెంబడే తిరిగి వచ్చేద్దామని మేడమ్, నేను బయల్దేరాం. కాసేపటికి కాళ్ళ కింద ఏదో లొటలొటలాడింది. చూస్తే స్క్రూలు వదులై రెక్క ఊగుతోంది, వాషర్లు జిగురులా సాగిపోయి ఉన్నాయి. పడవ ముందుకు పోవడం మానేసి పక్కకు, బ్యారేజీ వైపు జారుతోంది. గేట్ల హోరు వినిపిస్తోంది.

"మేడమ్, భయమేస్తోంది."

"నాకూ వేస్తోంది. రెక్క పట్టుకో, వదలకు."

ఆవిడ తెరచాప దించేసి, చేతి గడియారం ఊడదీశారు. తాళ్ళు కోసే చాకుతో దాని తోలు పట్టీని బెజ్జాల దగ్గర ముక్కలు చేసి, బెజ్జాలు పెద్దవి చేసి స్క్రూల కింద దూర్చారు. ఒక ముక్క జారి నీళ్ళలో పడిపోయింది. ఇంకోటి కోశారు. ఇనుము నా అరచేతులను కోసేస్తోంది, బ్యారేజీ స్తంభాలు పెద్దవవుతున్నాయి. అమ్మను తలుచుకుని ఏడ్చాను, దాచుకోలేదు. ఎట్టకేలకు స్క్రూలు బిగిశాయి. నానిన తోలు ఉబ్బి పట్టు ఇచ్చింది. తెరచాప మళ్ళీ ఎత్తితే పడవ మాట విన్నది. ఒడ్డు తగిలాక పడవను రాళ్ళ మీదికి లాగాం.

సెక్రటరీ గారు పరుగున వచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు, మా అవతారాలు చూసి కరిగిపోయారు. "గాలండీ, పాడు గాలి. మగాళ్ళే నిలవలేరు దీనికి. గాలి వల్లేననుకుందాం, ఎవరికీ చెప్పక్కర్లేదు. వచ్చే వారం రండి" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. ఆయన వెనకాల రెండో పడవను నీళ్ళలోకి నెడుతున్నారు. ఎవరో కుర్రాడు అందులో ఎక్కబోతున్నాడు.

"గాలి కాదండి, నా వాషర్లు" అన్నారు మేడమ్. "పచ్చి రంగు మీద రబ్బరు వేశాను. టర్పెంటైన్‌కి మెత్తబడిపోయింది. తప్పు నాది. ఆ పడవకీ అవే ఉన్నాయి, ఆపించండి."

ఆపించారు. ఆడపిల్లల బ్యాచినీ ఆ పూటే ఆపేశారు. నేను మళ్ళీ ఎన్నడూ పడవెక్కలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

బ్యారేజీ మీదుగా ఇంటికి వెళ్తూ నేను మేడమ్‌కు నాలుగడుగులు ఎడంగా నడిచాను. అంత కోపం వచ్చింది ఆవిడ మీద. చివరికి ఉండబట్టలేక అడిగేశాను. "ఆయనే గాలన్నారుగా మేడమ్. ఆ పడవని ఆపడానికి ఇంకేదో సాకు చెప్తే పోయేదిగా?"

"సాకు నమ్మకపోతే? వాడు ఎక్కేస్తున్నాడు." నావైపు తిరిగి అడిగారు. "ఆ పిల్లాడి పేరు తెలుసా నీకు?"

"తెలీదు."

"నాకూ తెలీదు" అని, పట్టీ లేని గడియారాన్ని కొంగుకు ముడేసుకుంటూ ముందుకు నడిచారు.

తరవాత నేను మందుల ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం చేశాను. కాస్త అనుమానం వచ్చినా సరుకు ఆపేయమనేదాన్ని. మేనేజర్లు విసుక్కునేవారు. "ఎవరికేమైందమ్మా ఇప్పుడు?" అనేవారు. ఎవరికో నాకు తెలిసేది కాదు. అందుకే ఆపేదాన్ని.