రేకుతో మాట్లాడే మావయ్యగారు

మా మావయ్యగారు పోయారు. ఈ మాట రాసిన నాకే నమ్మకం కుదరడం లేదు. ఆ పొద్దున టీ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, ఇంటి వెనక షెడ్డులోకి వెళ్ళారు. కాసేపటికి రంపం మిషను మోగింది. ఆ చప్పుడు వింటూనే నేను పప్పు కడుగుతున్నాను. ఎంతకీ చెక్క కోస్తున్న మోత రాలేదు. ఉత్త చక్రాల హోరే వస్తోంది. వెళ్ళి చూస్తే మిషను తిరుగుతూనే ఉంది, ఆయన దాని పక్కన రంపపు పొట్టులో ఒరిగి ఉన్నారు. ఒంటి మీద గాయం లేదు, కళ్ళజోడు కూడా జారలేదు. నేను ముందు మోటారు ఆపాను. తర్వాత అరిచాను. ఎందుకలా చేశానో నాకు తెలియదు.

ఆయన బందరులో పడవల మేస్త్రి. మా షెడ్డులోది రెండు పెద్ద చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం, చెక్క కోసేది. కానీ ఆయన దాని మీదే పల్చటి రాగి రేకు కూడా కోసేవారు. పడవ అడుగును పురుగు తినకుండా ఆ రేకు కొడతారు.

మా ఇళ్ళలో కోడలు మామగారి ఎదుట మాట్లాడదు. నేను కోడూరు దగ్గర పల్లెలో అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, సిగ్గు మరీ ఎక్కువ. నాకు చెప్పాల్సినవన్నీ ఆయన చేతిలో ఉన్న రేకుకి చెప్పేవారు. "ఏమే రేకూ, ఇవాళ పులుసులో ఉప్పు మర్చిపోయారే!" అనేవారు. నేను తలుపు చాటున నవ్వుకునేదాన్ని.

ఒకసారి మా ఆయన తొందరపడి వట్టి రేకును రంపం కిందికి నెట్టారు. పళ్ళు దాన్ని పట్టేశాయి. రేకు పైకి లేచింది, రంపం పట్టీ పెద్ద చప్పుడుతో తెగింది, మా ఆయన ముంజేయి చీరుకుపోయింది. మావయ్యగారు తువ్వాలుతో కట్టు కట్టి, నెత్తురు ఆగాక మందలించారు.

"రేకును ఒంటరిగా పంపుతావట్రా? వణికిపోదూ! కిందో చెక్క పలక, పైనో చెక్క పలక పెట్టి పంపాలి. అప్పుడు తనూ చెక్కే అనుకుని నడుస్తుంది."

"కత్తెర ఉండగా ఈ తంటా ఎందుకు నాన్నా?"

"కత్తెరతో కోస్తే అంచు ముడుచుకుంటుంది. అది నీ చొక్కాకి పనికొస్తుంది గానీ పడవకి కాదు."

ఆ తర్వాత మా ఆయన రేకు జోలికి పోలేదు. "అవతలి కొస పట్టేవాళ్ళుంటే బాగుండునే రేకూ," అన్నారు మావయ్యగారు ఒక రోజు. నేను కొంగు దోపుకుని వెళ్ళాను. సన్న పళ్ళ పట్టీ ఎక్కించడం, బెల్టు మార్చి వేగం తగ్గించడం, పట్టీకి సబ్బు రాయడం, రేకుల్ని పలకల మధ్య పెట్టి మేకులు కొట్టడం, అన్నీ చూపించారు, నా వైపు చూడకుండానే. "తోసెయ్యకూడదే. అది ఎంత తింటే అంతే పెట్టాలి," అని రేకుకి చెప్పేవారు.

మావయ్యగారి దినం కూడా కాకముందే గుడివాడ నుంచి ఒక కలప వ్యాపారి వచ్చాడు.

"మీ నాన్నగారే లేకపోయాక రేకు ఎవరు కోస్తారు బాబూ? వట్టి చెక్క కోసేవాళ్ళు ఊరంతా ఉన్నారు. మిషను నాకిచ్చెయ్."

మా ఆయన తల వంచుకున్నారు. గిలకలదిండిలో ఒక పడవ సగం రేకుతో నిలబడి ఉంది. ఉన్న ఒక్క పడవా తుఫానులో పోగొట్టుకున్న సరంగుది అది. మిషను వెళ్ళిపోతే అది అలాగే ఉండిపోతుంది, మాకూ వేరే పని లేదు. నేను తలుపు చాటు నుంచి బయటికి వచ్చాను.

"ఏవండీ, ఇవ్వనని చెప్పండి. మీరు పలక నెట్టండి, కొస నేను పడతాను. ఎలాగో నాకు తెలుసు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. మా ఆయన తల ఎత్తారు. వ్యాపారితో, "ఇవ్వనండీ," అన్నారు.

దినం అయిన మర్నాడు షెడ్డు తెరిచాం. బల్ల మీద మావయ్యగారు సిద్ధం చేసి పెట్టిన పలకలు అలాగే ఉన్నాయి, మధ్యలో రేకులతో. పై పలక మీద ఆయన పెన్సిలుతో గీసిన వంపు ఉంది. మా ఆయన పలకను గట్టిగా నెట్టబోతుంటే, "తోసెయ్యకండి," అన్నాను. గీత చెరగకుండా దానికి బయటగా కోశాం. మేకులు పీకి రేకులు విడదీశాం. అంచులు ఎక్కడా ముడుచుకోలేదు. పని అయిన పలకలు మామూలుగా పొయ్యిలోకి పోతాయి. పై పలకను మాత్రం పొయ్యి దాకా తీసుకెళ్ళి, అందులో పెట్టలేక అక్కడే నిలబడిపోయాను. దాని అంచు పొడవునా ఆయన గీసిన నల్లటి వంపు ఎక్కడా తెగకుండా ఉంది.