రాగి కడ్డీ పీకిన మధ్యాహ్నం

నిన్న పొద్దున మా మరిది గడప అవతల నిలబడి, గ్యాసు ఆఫీసు నుంచి వచ్చిన కాగితాన్ని మొదటి ముక్క నుంచి నాకు చదివి వినిపించసాగాడు. నాకు చదువొచ్చు. బడికి పోకపోయినా మా నాయన పంచలో కూర్చోబెట్టి పలక మీద దిద్దించాడు. ఆ పుణ్యాన ఈనాటికీ దీపం పెట్టి నాలుగు పద్యాలు చదువుకోనిదే నాకు మెతుకు దిగదు. ఆ సంగతి మరిదికీ తెలుసు. అయినా చదువుతాడు. మా అత్త బతికున్నప్పుడు ఎరువు బస్తా మీద అచ్చేసిన రాత కూడా ఆమెకు ఇట్లాగే నిలబడి చదివేవాడు. ఎందుకో చెప్పాలంటే ఒకప్పుడు మా చేలో దిగిన రేడియో వాళ్ళ సంగతి చెప్పాలి.

మాది తోటపల్లి గూడూరు దాటాక సముద్రం వైపు ఊరు. అప్పటికి మా ఆయన పోయి రెండేళ్ళు. సేద్యమంతా పక్కింట్లో ఉండే మరిదే చూసేవాడు. దేవుడి దయ, మాకే లోటూ రానివ్వలేదు. చుట్టుపక్కల మళ్ళన్నీ ఒక్కొక్కటే రొయ్యల గుంటలైపోతుంటే, సరుగుడు చెట్ల పక్కన మా చేను ఒకటి మాత్రం వరికి మిగిలింది. దాన్ని అడిగేదానికి ఎవరెవరో వచ్చి పోతుండేవాళ్ళు. "నేను బతికుండంగా దాంట్లో ఉప్పునీళ్ళు పెట్టనీను" అని అత్త అందరికీ ఒకటే జవాబు చెప్పేది.

కోతలైపోయిన ఎండల్లో ఒకనాటి ఉదయం ఆ చేలో వ్యాను ఆగింది. నలుగురు దిగారు, అందులో ఒకామె నా ఈడుది. గుడారం వేశారు, బ్యాటరీలు దించారు. వాళ్ళలో ఉన్న బట్టతల పెద్దాయన ఉండేలు తీసి సరుగుడు కొమ్మలకు గురిపెట్టాడు. "ఈ వయసులో పిట్టలు కొట్టేదానికొచ్చినాడా ఈయన?" అంది అత్త, మా దొడ్డి గోడ మీదుగా చూస్తూ. పిట్టల కోసం కాదు; ఉండేలుతో దారం కట్టిన సీసపు గుండును కొమ్మ దాటించి, ఆ దారంతో పొడుగాటి ఏరియల్ తీగను పైకి లాగారు.

"హ్యామ్ రేడియో వాళ్ళమ్మా. తుఫానొచ్చి సెల్‌ఫోన్లు పడిపోతే కబురందించేది వీళ్ళే. దానికి అలవాటు చేసుకుంటుండారు. రెండు రోజులుంటారు, నేనే రమ్మన్నా" అన్నాడు మరిది.

"కబురు చెప్పేదానికి మన చేనే దొరికిందా?" అంది అత్త, అనుమానంగా.

గుడారం కింద వాళ్ళు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అంకెలూ అక్షరాలూ గాలికి అప్పజెబుతూ, మధ్యమధ్య పుస్తకంలో రాసుకునేవాళ్ళు. "గాలితో మాట్లాడి రాసుకునేదేంది? చేను కొలతలవి" అంది అత్త. నేను మొదట నమ్మలేదు. అనుమానం ఉప్పునీళ్ళ లాంటిది. పక్క మడిలో పెట్టినా మన మడిలోకి ఊరుతుంది. పొద్దెక్కేసరికి నాకూ కొలతల్లాగే వినపడసాగాయి. అప్పుడే ఆ పెద్దాయన గట్టు పక్కన తడినేలలో రాగి కడ్డీ ఒకటి సుత్తితో దిగ్గొట్టాడు. అత్త నా చెయ్యి పట్టుకుంది. "హద్దు పాతినారమ్మాయ్. అమ్మేసినాడు వాడు."

ఆ మధ్యాహ్నం అత్త వాళ్ళను అన్నానికి పిలిపించింది. మామిడికాయ వేసి చేపల పులుసు చేసింది. అంత మర్యాద ఆమె పెళ్ళివారికి కూడా చేసి ఎరగదు. "ఇంకొక్క ముద్ద నాయనా, తీరిగ్గా తినండి" అని ఆమె వడ్డిస్తుండగా, ఆమె చెప్పినట్టే నేను దొడ్డిదారిన చేనికి పోయి, కడ్డీకున్న తీగ ఊడదీసి, అటూ ఇటూ ఊపి పీకి, ఇంటికి తెచ్చి గడ్డివామిలో దూర్చాను. ఇంటికొచ్చిన వాళ్ళను విస్తరి ముందు కూర్చోబెట్టి చేసిన పని అది.

భోజనాలయ్యాక వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. కాసేపటికే ఆ రేడియో ఆమె మైకు వదిలేసి పెదవి పట్టుకుంది. ఆ కడ్డీ హద్దు కాదు, రేడియోకు ఎర్త్. అది లేక మైకు పెదవికి తగిలినప్పుడల్లా చురుక్కుమని కాలుతోంది. "పాత ఇనుమనుకోని ఎవురో తీసకపొయ్యుంటారులే" అన్నాడు పెద్దాయన, నవ్వుతూనే. మరిది మాత్రం నా కాళ్ళకున్న బురద చూశాడు. నేరుగా ఇంట్లోకి పోయాడు, వెనకే నేను.

"అమ్మా, కడ్డీ యాడుంది?"

"చేను ఎవురికమ్మినావో చెప్పు, ఇస్తా."

"రెండు దినాలు వాళ్ళను చేలో ఉండనిచ్చినందుకు అమ్మేసినాననుకున్నావా? నన్నడిగుంటే చెప్పేవాణ్ణి కదమ్మా."

"అడిగితే అబద్ధం చెప్తావేమోనని భయమేసిందిరా" అంది అత్త.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నేను కడ్డీ తెచ్చి ఇస్తే, అతను బోరింగు దగ్గర బురద కడిగి, తనే తీసుకుపోయి పాతాడు. నేను పూజకని తీసిపెట్టిన వెన్న తీసుకెళ్ళి ఆ రేడియో ఆమె పెదవికి రాశాను. "ఎంత మంచి మనసక్కా నీది" అందామె. ఎన్నో తప్పులు దేవుడికి దణ్ణం పెట్టి అరిగించుకున్నాను, ఆ ఒక్క మెచ్చుకోలు మాత్రం నాకు ఈనాటికీ అరగలేదు. తర్వాత వాళ్ళు సరుగుడు చెట్ల బొమ్మ వేసిన కార్డొకటి పంపారు, చేపల పులుసుకు కృతజ్ఞతలని రాసి. ఆ రోజు నుంచి మరిది మా గడప దాటలేదు; ఏ రాతైనా, అబద్ధమనే మాట రాకుండా, అవతల నిలబడే మొత్తం చదివేవాడు, ఆ కార్డు కూడా అంతే. "చాల్లే అబ్బయా, నమ్మినా" అనేది అత్త. ఆఖరి రోజుల్లో మందుల సీసా మీది రాత చదువుతుంటే కూడా అదే మాట అంది. అతను పూర్తిగా చదివి, సీసా గడప మీద పెట్టి పోయాడు.

చేను ఇంకా ఉంది, వరే పండుతోంది. నిన్న గ్యాసు కాగితం సగంలో ఉండగా నేను లేచి కుర్చీ తెచ్చి గడప ఇవతల వేశాను. "ఆ కడ్డీ పీకిన తప్పు నాది. నాకు చదవబాక. కూర్చో" అన్నాను. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, లోపలికొచ్చి, "మజ్జిగుంటే ఇయ్యి వదినా" అన్నాడు.

కడ్డీ ఆ సాయంత్రానికే తిరిగి నేలలో దిగింది. మనిషిని తిరిగి గడప దాటించడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.