చాచా వైరింగు

గద్వాలలో మా ఇంటి కరెంటు పనులన్నీ మేము చాచా అని పిలిచే ముసలి ఎలక్ట్రీషియనే చేసేవాడు. వైరు ముట్టుకునే ముందు "బంద్ చేసిన్రా?" అని రెండుసార్లు అడిగి, ఆపైన టెస్టరు పెట్టి చూసుకునేవాడు.

నీళ్ల మోటరును ఫోనుతో నడపాలని నేనొక చిన్న కంప్యూటరు, దానికి మోటరు స్విచ్చులా పనిచేసే రిలే బోర్డు తెచ్చాను. వైరింగు చాచా చేశాడు. తీరా చూస్తే, ఫోనులో ఆఫ్ నొక్కినప్పుడు మోటరు నడిచింది.

"ఉల్టా అయితుంది బేటా. నీ ప్రోగ్రాం జర చూడు."

"ప్రోగ్రాం మంచిగనే ఉంది చాచా. నీ వైరింగే తప్పు," అన్నాను.

పాపం, మూడుసార్లు విప్పి బిగించాడు. చివరికి మా నాన్న అందరి ముందు, "నీకు కండ్లు కనిపిస్తలేవు. ఇగ రాకు," అనేశాడు. ఆ మాట వీధంతా పాకింది. చాచాను పనికి పిలిచేవాళ్లు లేకుండా పోయారు.

వారం తర్వాత నాకు అర్థమైంది. ఆ బోర్డు, సిగ్నలు ఆపితేనే రిలే ఆన్ అయ్యే రకం. ప్రోగ్రాంలో ఒక్క మాట మార్చాను, మోటరు సరిగ్గా నడిచింది. నాన్నకు మాత్రం చెప్పలేదు.

మొన్న ధరూర్ వెళ్లే ఆటోలో చాచా నా పక్కనే కూర్చున్నాడు.

"మోటరు మంచిగైందా బేటా?"

"కొత్తాయన బాగు చేసిండు చాచా," అన్నాను.

ఆయన తలూపాడు. "నేను కండ్లద్దాలు మార్పిచ్చుకున్న. మీ నాయనకు జర చెప్పు."