ఎరుకమ్మ గట్టు

మా మేనత్త ఎరుకమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె పొలం గురించి చెప్పాలి. పొలం పక్కన ఉప్పుటేరు, మధ్యలో ఒక మట్టిగట్టు. ఆ గట్టు కోసం ఆమె ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. మాయాబందర్ జెట్టీలో ఉద్యోగం వెలగబెడుతున్న పాపానికి నేనూ తిరిగాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అత్త పుట్టింది భీమిలి దగ్గర చేపల పల్లెలో. వాళ్ళమ్మ గంప నెత్తిన పెట్టుకుని పై ఊళ్ళకు పోయి, రైతుల గడపల్లో నిలబడి, చేపలిచ్చి బియ్యం పోయించుకునేది. పోసినవాటిలో నూకలే ఎక్కువ. అయినా కిక్కురుమనకుండా కొంగు పట్టాలి. అమ్మ పక్కన నిలబడి అత్త అదంతా చూసింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు దానయ్య మామను పెళ్ళాడి ఓడెక్కి సముద్రం దాటి ఈ దీవికి వచ్చింది. సర్కారు వాళ్ళు ఏటి ఒడ్డున ఇంటిజాగా, కాస్త పల్లపు నేల ఇచ్చారు. మామ ఆ నేల వైపు కన్నెత్తి చూడలేదు. ఆయనకు పడవా వలా ఉంటే చాలు. పొదలు కొట్టింది అత్త, గట్టు వేసింది అత్త. నాట్లు వేయడం పక్కనున్న బెంగాలీ ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంది. మొదటి పంట ఇంటికొచ్చిన రోజున, "ఇంక నా పేనం ఉండగా ఒకల బియ్యం తిన్ను," అందట. ఆ మాట మీదే బతికింది.

డెబ్బైల్లో ఒక వానాకాలం గట్టుకు గండి పడింది. అక్కడ మట్టి నిలవదు. రాయి కట్టి, వాననీళ్ళు బయటికి పోయేందుకు తలుపు పెట్టించాలి. అది ఒంటి మనిషి వల్ల అయ్యే పని కాదు. ఉప్పు నుంచి సాగుభూమిని కాపాడే స్కీము వచ్చిందని రేడియోలో చెప్పారు. అంతే, అత్త నా దగ్గరికొచ్చి కూర్చుంది.

వ్యవసాయం ఆఫీసులో గుమాస్తా ఆమె కార్డులో కులం చూసి, "మీరు మచ్ఛీవాలే కదా, ఫిషరీస్‌కి పొండి," అన్నాడు. ఫిషరీస్ వాళ్ళు నైలాన్ దారం ఇస్తామన్నారు. దారంతో ఏరుని కట్టేయమంటారా అని అడిగాను. నాకు నోరెక్కువని చెప్పి బయట నిలబెట్టారు. గండి పక్కన మడచెట్లున్నాయి గనక అడవి ఆఫీసు సంతకం తెమ్మన్నారు. అడవి ఆఫీసు వాళ్ళు, చెట్లు మావే గానీ నీళ్ళు మావి కావన్నారు. ఇలా తిరగ్గా తిరగ్గా, చివరికి వ్యవసాయం ఆఫీసరు కరిగాడు. వచ్చి గండి చూస్తానన్నాడు. చూసి రాస్తే చాలు, శాంక్షన్ అయినట్టే.

ఆయన్ని వెంటబెట్టుకు వెళ్ళడానికి అత్త ముందురోజే మా ఇంటికొచ్చింది. అక్కడే కొంప మునిగింది. మావాళ్ళకో అలవాటుంది. గడపలోకి కొత్తమనిషి వస్తున్నాడంటే లోపం కనబడనివ్వరు. దండెం మీది చిరుగువల కూడా తీసి దాచేస్తారు. ఇక వచ్చేది సర్కారు మనిషాయె.

మేము ఆఫీసరుతో పడవ దిగేసరికి గండి లేదు. మామ తన తోటి వలవాళ్ళను పోగేసి, వెదురు గుంజలు పాతి, పాత వలల్లో కొబ్బరి డొక్కలు కూరి, పైన బంకమట్టి మెత్తించాడు. దాని మీద పచ్చగడ్డి కూడా పరిచాడు. కొత్త చొక్కా తొడుక్కుని పక్కన నిలబడ్డాడు.

"ఏటిది మావా?" అంది అత్త.

"నానే కట్టించినాను. సాబ్ వొచ్చి గండి సూత్తే, ఈ తెలుగోలు ఉత్త సోమరిపోతులనుకోడేటి? పరువేటవుద్ది?"

నేను తల పట్టుకున్నాను. అది పాటు వేళ. ఏట్లో నీళ్ళు తీసి బురదే మిగిలింది. ఆఫీసరు గట్టెక్కి రెండుసార్లు ఎగిరి చూశాడు. అది చెక్కు చెదరలేదు.

"బహుత్ అచ్ఛా. మీరే ఇంత బాగా కట్టుకుంటే సర్కారు ఎందుకమ్మా?" అన్నాడు.

"సాబ్, ఏ నహీ రహేగా. అమాస పోటుకి కొట్టుకుపోద్ది. పోటుదాకా ఉండండి, సూసి ఎల్లండి," అంది అత్త.

ఆయనకు తిరుగు పడవ వేళయింది. అవసరం లేదని రాసుకుని వెళ్ళిపోయాడు.

అమావాస్య పోటుకు ఆ కట్టంతా లేచిపోయింది, గండి ఇంకా వెడల్పయింది. వరి పొట్ట మీదుంది. నాలుగు రోజుల్లో చేనంతా ఎర్రబారిపోయింది. అత్త మామతో మాట్లాడడం మానేసింది. పాపం, ఎన్నడూ ఆఫీసు గుమ్మం తొక్కని మనిషి, నన్ను తీసుకుని తనే వెళ్ళాడు. "నానే కట్టినాను బాబూ. అది గట్టు కాదు, మీకు సూపించడానికి కట్టినాను," అని చేతులు జోడించాడు. ఈ ఏడాదికి తనిఖీ అయిపోయింది, పై ఏడు చూద్దామన్నారు. ఆయన్ని చూసి జాలేసింది, వాళ్ళను చూసి కంపరమెత్తింది.

పై ఏడు అదే ఆఫీసరు వచ్చాడు. ఈసారి గండిని ఎవరూ ముట్టుకోలేదు. పొలంలో మోకాలిలోతు ఉప్పునీళ్ళు, అందులో ఎగిరే చేపలు. ఆయన ప్యాంటు పైకి మడిచి చాలాసేపు చూశాడు.

"ఈ స్కీము సాగులో ఉన్న భూమికమ్మా. ఇక్కడ సాగు ఏదీ?"

నేను గొంతు చించుకున్నాను. గట్టున్నప్పుడు వచ్చి అక్కర్లేదన్నావు, పంట పోయాక వచ్చి పొలమే లేదంటున్నావు, మరి మధ్యలో ఎక్కడికి పోయావని అడిగాను. రూలు తాను రాసింది కాదన్నాడు. అత్త నా చెయ్యి పట్టుకుని లాగింది.

"ఊరుకోరా. ఏలకొచ్చిన మనిషి. అన్నం తిని ఎల్తాడు."

చేపల పులుసుతో వడ్డించింది. ఆయన ఆకలి మీదున్నట్టున్నాడు, ఆవురావురుమంటూ తిన్నాడు. ఆ ఇంట్లో కంట్రోలు షాపు బియ్యం వండుకోవడం ఆ ఏడే మొదలు. ఆ సంగతి ఆయనకేం తెలుసు?

"చావల్ బహుత్ అచ్ఛా హై అమ్మా. మీ పొలందేనా?"

"నై సాబ్," అంది అత్త, ఇంకో గరిటె వడ్డిస్తూ. "సర్కార్ కా హై."

మామ చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు.