ప్రొజెక్టరుకు పూలదండ

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, మా ఆదిలాబాద్ జిల్లాలో గోడ మీద వెలుగు బొమ్మ పడిందంటే అది సినిమా అయినా అయ్యుండాలి, కుటుంబ నియంత్రణ ప్రచారమైనా అయ్యుండాలి. మూడో రకం బొమ్మ ఒకటుంటుందని, దానికి మీటలు నొక్కేవాణ్ణి ‘సార్’ అని పిలుస్తారని ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి, ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరిగి, చివరికి ఆసిఫాబాద్ దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరినవాణ్ణి. చేరిన కొత్తలో నాకు నా మీద ఎంత గౌరవముండేదంటే, అద్దంలో చూసుకున్నప్పుడు కూడా మనసులో ‘మీరు’ అనే అనుకునేవాణ్ణి.

ఆ కాలేజీ ఒక దొరది. నక్సలైటు అన్నలు ఊళ్ళోకి వస్తున్నారని తెలిసిన రోజునే కోటలాంటి తన గడికి తాళం వేసి టౌనుకు వచ్చేసిన మనిషి. వచ్చాక పత్తి వ్యాపారం చేశాడు, చిట్టీలు నడిపాడు, రెండింటిలోనూ మనశ్శాంతి దొరక్క చదువులోకి దిగాడు. “ఇగ నన్ను దొరా గిరా అనకున్రి. కాలం మారింది. సార్ అనున్రి” అని స్టాఫు మీటింగులో చెప్పాడు. చెప్పిన గొంతు మాత్రం వెనకటికి ఊళ్ళో వెట్టికి పిలిచిన గొంతే. పాత అలవాటు పోనివాళ్ళు మధ్యేమార్గంగా ‘దొరసారు’ అనేవారు. ఆయనకు ఒక బామ్మర్ది. డిగ్రీ ఎన్నిసార్లు రాసినా పాస్ కాలేదు కనుక ఆ డిగ్రీ కాలేజీకి డైరెక్టర్ అయ్యాడు. కాలేజీ నడిచేది దొరసారి పాత పత్తి గోదాములోనే. లోపల గోడలు కట్టి గదులు చేశారు. గదులకు ‘ఫిజిక్స్ ల్యాబ్’, ‘కెమిస్ట్రీ ల్యాబ్’, ‘బాటనీ ల్యాబ్’ అని బోర్డులు రాయించారు. బోర్డులు రాయించిన తర్వాత ఆ గదులకు తాళాలు వేశారు. లోపల ఏముందో నేను చేరి సంవత్సరం కావస్తున్నా చూడలేదు. అడిగితే “వస్తది సార్, సామాన్ వస్తది. ఫికర్ జేయకు” అనేవాడు బామ్మర్ది. (ఆయన నోట ఫికర్ అన్న మాట వినపడిందంటే నేను నిజంగా ఫికర్ చెయ్యాలని అర్థం.)

ఇంతలో యూనివర్సిటీ నుంచి కమిటీ వస్తోందన్న కబురు వచ్చింది. ల్యాబులు చూసి, బాగున్నాయంటే గుర్తింపు ఇస్తారు, మా పిల్లలు మా దగ్గరే ప్రాక్టికల్ పరీక్షలు రాస్తారు. లేకపోతే లేదు. స్టాఫంతా పరేషాన్‌లో పడ్డాం. దొరసారు మాత్రం చెక్కుచెదరలేదు. బామ్మర్దిని హైదరాబాద్ పంపాడు. అతను ల్యాబు సామాను తెస్తాడని మేము ఆశపడ్డాం. అతను డిజిటల్ ప్రొజెక్టర్ తెచ్చాడు.

“ల్యాబ్ గీల్యాబ్ అందరికుంటయి. గిది మన జిల్లల ఎవ్వనికి లేదు. ల్యాబులన్ని గోడ మీద సూపెడదాం. కమిటోళ్ళు నోరు తెర్వాలె” అన్నాడు దొరసారు.

ఆ యంత్రాన్ని నడపడం నేర్చుకు రమ్మని నన్ను హైదరాబాద్‌లో అది అమ్మిన దుకాణానికి పంపారు. అక్కడి మెకానిక్ ఒక్క పూటలో అంతా చెప్పాడు. చదునైన బల్ల మీద పెట్టాలి. ముందున్న కాళ్ళు తిప్పి ఎత్తు సరిచేయాలి. వెలుగుతున్నప్పుడు లెన్సులోకి కళ్ళు పెట్టి చూడకూడదు. పక్కనున్న గాలి రంధ్రాలు మూసుకుపోకూడదు. లోపలి బల్బు పొయ్యిలా కాలుతుంది కనుక, ఆపేశాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, అది ఆగేదాకా ప్లగ్గు పీకకూడదు. పీకినా, వేడి మీద మళ్ళీ వెలిగించినా బల్బు పేలుతుంది. ఇంతే. ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమయ్యే ఈ నాలుగు ముక్కల్ని నేను మా స్టాఫ్‌రూములో మూడు రోజులు బోధించాను. రిమోటును చొక్కా జేబులో పెన్ను పక్కన పెట్టుకుని తిరిగాను. ప్రిన్సిపాల్ ముట్టుకోబోతే “సార్, అది సెన్సిటివ్” అన్నాను. ఆదివారం మందమర్రికి వెళ్ళి ఇంట్లో చెప్పాను.

“ఇప్పుడేం పని బిడ్డా నీది?” అంది మా అమ్మ.

“గోడ మీద బొమ్మలు సూపెడుత అవ్వా. పెద్ద మిషిన్.”

“గా దానికి ఎమ్మెస్సీ దాంక సదువుడెందుకురా? మన టాకీసుల బొమ్మ ఏసెటోడు ఏడో తరగతి గూడ సదువలే గద!”

బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన మా బాపు, పేపరు వెనక నుంచి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అమాయకులు, వీళ్ళకేం తెలుసు అనుకుని బస్సెక్కాను.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే హాలు సిద్ధం చేశాం. వెలుతురు రాకుండా కిటికీలకు గొంగళ్ళు కట్టాం. గోడకు దొరసారి కొత్త పంచె తెరలా బిగించాం. టేబుల్ మీద ప్రొజెక్టర్ పెట్టి, తీగలు ఆఫీసు కంప్యూటర్‌కు కలిపి, కాళ్ళు తిప్పి అన్నీ సరిచూసుకుని, జీపు దగ్గర కమిటీకి నమస్కారం పెట్టడానికి వెళ్ళాను. వెళ్ళింది కాసేపే. తిరిగి వచ్చేసరికి, దొరసారు పిలిపించిన అయ్యగారు యంత్రానికి పూజ ముగించి దక్షిణ చూసుకుంటున్నాడు. ప్రొజెక్టర్ లెన్సు మీద గంధం, దాని మీద కుంకుమ. యంత్రం చుట్టూ మూడు వరుసలుగా బంతిపూల దండ. అగరువత్తులు ఎక్కడ గుచ్చాలో తోచక, రంధ్రాలు కనపడ్డాయి కదా అని గాలి రంధ్రాల్లోనే గుచ్చారు. అగరువత్తులు లాగి పారేశాను. లెన్సును రుమాలుతో తుడిస్తే గంధం, కుంకుమ కలిసి చక్కగా అంతటా పరుచుకున్నాయి. దండ మీద చెయ్యి వేశానో లేదో దొరసారు గర్జించాడు.

“దండ ముట్టకు! కమిటోళ్ళు పోయేదాంక ఉండాలె.”

“గాలి ఆడది సార్. మిషిన్ వేడెక్కుతది.”

“నాకు సన్మానమైతె గింతకన్న పెద్ద దండలేస్తరు. నేనేమన్న సచ్చిన్నా?”

ఫిజిక్సులో దీనికి జవాబు లేదు. దండ మీంచి చెయ్యి తీసేశాను.

కమిటీలో ఇద్దరు. ఒకాయన పెద్దాయన, కూర్చోగానే “భోజనం ఇక్కడేనా, గెస్ట్ హౌసులోనా?” అని అడిగాడు. రెండో ఆవిడ కళ్ళద్దాల మేడం, ఏమీ అడగలేదు. అలా ఏమీ అడగనివాళ్ళను చూస్తేనే నాకు భయం. నేను బొత్తాం నొక్కాను. పంచె మీద వెలుగు పడింది. లెన్సు మీద బొట్టు పెడితే గోడ మీద బొట్టు పడుతుందని మీరనుకోవచ్చు. పడదు. బొమ్మంతా ఎర్రగా, మసగ్గా, జ్వరమొచ్చిన కళ్ళతో చూసినట్టు కనపడుతుంది. “ఎంత కళొచ్చింది సూడున్రి” అన్నాడు దొరసారు పరవశంగా.

బొమ్మలున్న సీడీ బామ్మర్ది ఆ పొద్దున్నే తెచ్చి ఇచ్చాడు. నేనూ అప్పుడే మొదటిసారి చూడటం. కాలేజీ బోర్డు వచ్చింది, దొరసారు వచ్చాడు, బామ్మర్ది వచ్చాడు, మళ్ళీ దొరసారు వచ్చాడు. తర్వాత ‘మా ఫిజిక్స్ ల్యాబ్’ అని రాసిన బొమ్మ వచ్చింది. పొడవైన బల్లలు, మెరిసే పరికరాలు, తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు. మా పిల్లలెవరూ అందులో లేరు. వెనక పెద్ద కిటికీ ఉంది.

“కిటికీలో కనపడుతున్నది ఏమిటి?” అంది మేడం, మొదటిసారి నోరు తెరిచి.

అందరం కళ్ళు చిట్లించి చూశాం. ఎర్రటి మసకలోనైనా తెలుస్తూనే ఉంది. కెరటాలు, ఒక పడవ.

“సముద్రంలా ఉందే?” అంది మేడం.

“చెరువు మేడం” అన్నాడు బామ్మర్ది క్షణం ఆలస్యం చేయకుండా. “వానకాలం మస్తు నిండుతది.”

“పడవ కూడానా?”

“చేపలు పడుతరు మేడం” అంటూ అతను చెరువు ఎక్కడి దాకా నిండుతుందో చేత్తో చూపించడానికి తెర దగ్గరికి పోయాడు. సముద్రం ఇప్పుడు అతని చొక్కా మీద పడింది. ఇది ఎక్కణ్ణుంచి వస్తోందా అన్నట్టు వెనక్కి తిరిగి, నేను మూడు రోజులు బోధించినదంతా మరచి, లెన్సులోకి నిండా చూశాడు. “అబ్బా! కండ్లు వాయెరో!” అని రెండు చేతులతో మొహం మూసుకుని గుడ్డిగా ముందుకు నడిచి, కమిటీ పెద్దాయన ఒళ్ళో కూర్చున్నాడు. (తర్వాత చూపు వచ్చింది. బుద్ధి సంగతి నేను చెప్పలేను.)

ఆ గొడవలో ఉడికిన బంతిపూల వాసన మొదట ఎవరూ పట్టించుకోలేదు. యంత్రం కుయ్‌మంది, నారింజ రంగు దీపం మిణుకుమంది, బొమ్మ మాయమైంది. ఊపిరాడక తనంతట తాను ఆగిపోయింది పాపం. ఫ్యాను మాత్రం ప్రాణభయంతో ఉన్నట్టు గిర్రున తిరుగుతోంది. దండ చించేసి, “సార్, ఎవ్వరు ముట్టకున్రి, జర చల్లారనియ్యాలె” అని అరిచాను. దొరసారికి ఆగిపోయిన వస్తువుతో వ్యవహరించే పద్ధతి ఒక్కటే తెలుసు. లేచి వచ్చి ప్లగ్గు పీకాడు. మళ్ళీ పెట్టాడు. బొత్తాం మీద గట్టిగా ఒక్క పోటు పొడిచాడు.

టప్‌మంది.

గొంగళ్ళు విప్పారు. ఎండ లోపలికి వచ్చింది. పొగ వాసన మధ్య అందరం ఒకరినొకరు చూసుకున్నాం. మేడం తాపీగా కళ్ళద్దాలు తుడుచుకుని, నా వైపు తిరిగింది. “బొమ్మలు చూశాం. ఇక ల్యాబు చూద్దాం. ఉందా బాబూ?”

దొరసారి చూపు నా వీపు మీద కత్తిలా ఆనింది. ఉందని చెబితే నా ఉద్యోగం ఉంటుంది. మా పిల్లలు ఒక్క పరికరం ముట్టుకోకుండా డిగ్రీ పూర్తి చేస్తారు. నాకు ఆ క్షణంలో ఈ ధర్మసూక్ష్మాలేవీ తట్టలేదు. తట్టింది బల్బు. అంత చెప్పినా వినకుండా దాన్ని పేల్చేశారన్న ఉక్రోషం. “లేదు మేడం” అన్నాను.

“ఉన్నది మేడం! సర్దుతున్నరు!” అని బామ్మర్ది కళ్ళు నులుముకుంటూనే పరిగెత్తి, కంగారులో ఆపాల్సింది పోయి, చేతికందిన తాళం తీసేశాడు. తలుపు తెరుచుకుంది. లోపల పైకప్పు దాకా పత్తి. ధర పెరిగేదాకా ఆగుతున్న పత్తి. పెద్దాయన వరసగా తుమ్మడం మొదలుపెట్టాడు.

“ఇదేమిటి?” అంది మేడం.

దొరసారు పత్తిని వదిలి పైకప్పు వైపు చూశాడు. బామ్మర్ది మాత్రం తలుపు మీది బోర్డు చూపించాడు. “బాటనీ మేడం.”

కమిటీ తీర్పు భోజనాల తర్వాత వచ్చింది. నాటుకోడి పులుసు తిన్న పెద్దాయన కాలేజీలో ఆధునిక సాంకేతికత మీద గొప్ప శ్రద్ధ కనపడుతోందని మెచ్చుకుని గుర్తింపు ఇద్దామన్నాడు. పప్పు మాత్రమే తిన్న మేడం ససేమిరా అంది. చివరికి ఆవిడ మాటే నిలిచింది. ల్యాబులు పెట్టేదాకా పిల్లలు కాగజ్‌నగర్ పోయి ప్రాక్టికల్స్ చేయాలి. నేనేదో ఘనకార్యం చేశానని పిల్లలు మెచ్చుకుంటారనుకున్నాను. “మీరు జర సప్పుడు జేయకుంటె మార్కులు ఊకెనే పడుతుండె గద సార్” అని బస్సులో నిలబడి వెళ్ళిన ప్రతివాడూ నన్ను తిట్టుకున్నాడు.

నేను పెట్టె సర్దుకుని మందమర్రి వెళ్ళిపోయాను. వారం తిరక్కముందే దొరసారు మనిషిని పంపాడు. వెళ్ళి నిలబడితే, తల ఎత్తకుండానే అన్నాడు: “నువ్వే గద లేదన్నవ్. ఇగ నువ్వే పెట్టు.” పత్తి అమ్మేశారు. సామాను వచ్చింది. దండలు లేకుండానే.

ఆ కథను నేను ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాను. పెళ్ళిళ్ళలో, రిటైర్మెంటు సభల్లో, క్లాసుల్లో చెబుతూ దొరను, బామ్మర్దిని చూపించి అందరినీ నవ్వించాను. మొన్నామధ్య కరీంనగర్‌లో ఒక పెళ్ళికి వెళితే దొరసారు కనపడ్డాడు. బాగా ముసలివాడయ్యాడు, చేతికర్ర వచ్చింది. గొంతు మారలేదు. చుట్టూ ఉన్నవాళ్ళకు నన్ను చూపించి, “గీ సారే మా కాలేజీల ల్యాబ్ పెట్టించిండు” అన్నాడు. నేను వినయంగా తల వంచాను. “గా దినం సంగతి సెప్తె మీరు నవ్వి నవ్వి సస్తరు” అని మొదలుపెట్టాడు. ఆ కథలో అతని దండ లేదు, బామ్మర్ది సముద్రం లేదు.

“ఎండకాలం. కిటికీలకు గొంగళ్ళు. అందరం చెమటలు కక్కుతున్నం. గీ సార్ మాత్రం ఎర్ర టై కట్టుకొని వచ్చిండు, బొడ్డు కిందికి ఏలాడుతుండె. బల్బు టప్ అనంగనే ‘అవ్వా’ అని ఒర్లి టేబుల్ కిందికి దూరిండు! గా మేడమే చెయ్యి వట్టి లేపింది. ల్యాబ్ ఉన్నదా బాబూ అంటె, గజగజ వణుక్కుంట, లేదు మేడం అన్నడు. వానిని జూసి నాకు కోపం గూడ రాలే. నవ్వచ్చింది.”

అందరూ పగలబడి నవ్వారు. (టై సంగతి, టేబుల్ సంగతి మీకు ఇందాక చెప్పలేదు. కథకు అవసరమని అనిపించలేదు.) నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి తలుచుకున్నాను. టేబుల్ కింద నుంచి పైకి లేస్తూ, వణుకుతూ, ఆ ఒక్క మాటా అనేశాడు. వణుకుతూ అన్నా అన్నాడు కదా, పోనీలే అనిపించింది. కాకపోతే, మే నెలలో ఆసిఫాబాద్ ఎండకు టై కట్టుకోమని వాడికి ఎవడు చెప్పాడు!