కంపెనీకి ఉత్తరం రాసిన అక్క

పక్కవాటా అక్క మొన్న సోమవారం పోయిందని పాత ఇంటి యజమానురాలు కబురు చేసింది. బుధవారం నేను పెందుర్తి నుంచి బస్సులో వెళ్లేసరికి అంతా అయిపోయింది. అక్కకు పిల్లల్లేరు. అన్నకొడుకు వచ్చి దహనం చేసి వెళ్లాడట.

పంతొమ్మిది వందల డెబ్భైల్లో మా ఆయనకు పోర్టులో ఉద్యోగమొస్తే కృష్ణా జిల్లా నుంచి వచ్చి, పూర్ణా మార్కెట్ వెనక ఒక వాటాలో దిగాం. నేను దగ్గర్లోని బడిలో ఇంగ్లీషు టీచర్ని. ఊళ్లో ఎవరూ తెలియదు. మొదటిరోజే అక్క గుమ్మంలోకి వచ్చి, "టీచరమ్మా, సేపలు తింటారేటి?" అంది. మేం చేపలు తినమంటే నవ్వి, సాయంత్రం ములక్కాడలు తెచ్చిచ్చింది.

ఆమె భర్త సరుకు ఓడలో పనిచేసేవాడు. ఆ ఏడు తుపానులో ఓడ జాడ తెలియకుండా పోయింది. కంపెనీకి వాళ్లచేతా వీళ్లచేతా ఇంగ్లీషులో ఉత్తరాలు రాయించింది. జవాబు లేదు. ఒకరోజు పలక పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"ఆళ్లు రాత్తే ఆళ్ల మాటలే రాత్తన్నారు. నానే రాత్తాను. నేర్పండి."

రోజూ బడి నుంచి రాగానే కూర్చునేవాళ్లం. పెద్దక్షరం, ఫుల్‌స్టాప్, కామా. 'సార్' తర్వాత కామా పెట్టమన్నాను.

"ఎందుకు?"

"పిలిచాక, ఆయన ఇటు తిరిగేదాకా ఆగాలి కదక్కా."

"ఆళ్లు తిరగరు గానీ, పెడతాన్లెండి."

నాలుగు నెలలకు సొంతంగా రాసింది: 'సార్, వేర్ ఈజ్ మై హస్బెండ్?' కామా, క్వశ్చన్ మార్కు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఈసారి జవాబొచ్చింది. వేలు పెట్టి తనే చదువుకుంటూ ఒకచోట ఆగిపోయింది.

"నాను ఈజ్ అనే కదా అడిగాను. ఆళ్లు వాజ్ అని రాసారేటి?"

ఆ పాఠం నేను కావాలనే దాటేస్తూ వచ్చాను. "అయిపోయినదానికి అలా రాస్తారక్కా" అన్నాను.

ఆమె ఏడవలేదు. ఉత్తరం మడిచి ఒళ్లో పెట్టుకుంది. "అదీ నేర్పెయ్యండి" అంది. మర్నాడు పలక మీద ఆ ఒక్క మాటే పై నుంచి కింది దాకా రాసుకొచ్చింది.

తర్వాత వీధిలో ఎవరికి ఉత్తరం కావాలన్నా ఆమే రాసేది. "అడగాల్సింది ముందు అడిగెయ్యండి. దండాలు ఆకర్ని పెడదాం" అనేది.

స్టీల్ ప్లాంటు కడుతున్నప్పుడు మా ఆయన అందులోకి మారితే పెందుర్తి వెళ్లిపోయాం. ఏడాదికోసారి చూడ్డానికి వెళ్లేదాన్ని. "ఉత్తరాలకి వొత్తారు గానీ, ఊరికే కూకునోళ్లు లేరు టీచరమ్మా" అంది పోయినసారి. బస్సు వేళయిందని లేచాను.

బుధవారం ఆమె వాటాకు తాళం వేసి ఉంది. పెరట్లో తీగ మీద ఆమె నీలం చీర ఉంది. సోమవారం పొద్దున్న తనే ఉతికి ఆరేసుకుందట. ఎవరూ తియ్యలేదు. రెండు రోజుల ఎండకు బిరుసెక్కి, సముద్రం గాలికి ఊగుతోంది.